రెండు పుస్తెలు, ఒక ఉంగరం

మా చిన్న బిడ్డకు 2025 ఫిబ్రవరిలో సాకర్‌పుడా అయింది. ప్రధానం అనాలి మనం. కానీ షోలాపూర్‌లో పుట్టి పెరిగిన మా నోటికి సాకర్‌పుడా అనే మాటే ముందు వస్తుంది. చక్కెర పొట్లం అని దానర్థం. పొట్లం ఇచ్చిపుచ్చుకున్నాం, తాంబూలాలు మార్చుకున్నాం, తర్వాత పిల్లాడు పిల్ల వేలికి ఉంగరం పెట్టాడు. 18 క్యారెట్ల బంగారం, పైన ఒక చిన్న వజ్రం. ఆ వజ్రం గనిలో దొరికింది కాదు, యంత్రంలో పెంచింది. ఆ మాట పిల్లాడు దాచకుండా ముందే చెప్పాడు. మావాళ్లు ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు గానీ నాకు అతని నిజాయితీ నచ్చింది. ఒకప్పుడు లోకానికంతా కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల నుంచి వజ్రాలు పోయేవి. ఆ గనుల్లో మట్టి మోసిన వాళ్లలో ఎవరి పెళ్లికీ వజ్రపుటుంగరం వచ్చి ఉండదు. తెల్లవాళ్లలో కూడా ప్రధానానికి వజ్రమే కావాలన్న పట్టుదల మరీ పాతదేం కాదు. 1930ల చివర నుంచి డీబీర్స్ కంపెనీ చేసిన ప్రచారంతోనే అది ఇంటింటి ఆచారమైంది.

వారం తిరిగేసరికి పుణే నుంచి బిడ్డ ఫోను. "అమ్మా, పెండ్లికి నాకు ఇంకేం వద్దు. ఈ ఉంగరానికి జోడు ఒక బ్యాండు కావాలె. సాదాది. రాయి లేనిది."

అది అక్కడ ఆసుపత్రిలో నర్సు. రాయి ఉన్న ఉంగరం పెట్టుకుంటే చేతి తొడుగు చిరుగుతుంది, రాయి కింద మురికి చేరుతుంది. అందుకని డ్యూటీలో ఉంగరం తీసి సంచిలో పెట్టుకోవాలి. మెడలో పొడుగు గొలుసు వేలాడుతుంటే రోగిమీద వంగినప్పుడు అడ్డం. వాళ్ల వార్డులో నున్నటి సాదా ఉంగరం ఒక్కటే ఒప్పుకుంటారట. "పుస్తెలు పండుగకు పబ్బానికి ఏసుకుంట. దినాం ఉండేది ఉంగరమే కదా" అన్నది. నేను కాసేపు మాట్లాడలేదు. దినాం ఉండేది పుస్తె కాదా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

మా ఇళ్లలో ఉంగరానికి ఎప్పుడూ పెద్ద పీట లేదు. దానికి కారణం ఆచారం కాదు, పని. మగ్గం మీద చెయ్యి వేసేవాడికి ఉంగరం ఉంటే పోగు తగులుకుంటుంది. పవర్‌లూమ్ దగ్గరైతే ఇంకా ప్రమాదం, ఉంగరంతోపాటు వేలే పోతుంది. మా నాయిన ప్రధానపు ఉంగరం పెళ్లయిన మూడో రోజున పెట్టెలోకి పోయిందని అవ్వ చెప్పేది. అవ్వకు అసలు ఉంగరమే లేదు. బీడీలు చుట్టే చేతికి ఉంగరం ఎందుకు? తునికాకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. పదివేళ్లూ ఆడాలి. రోజుకు వెయ్యి బీడీలు. అందులో ఛాట్ అని పక్కన పడేసినవాటికి కూలి ఉండదు. పెళ్లైందని చెప్పడానికి ఆమెకు మెడలో రెండు పుస్తెలు, కాళ్లకు మట్టెలు. అంతే.

ఏప్రిల్‌లో బిడ్డ సెలవు మీద వచ్చింది. సరాఫ్ బజారుకు పోయాం. ఆ నెలలోనే పది గ్రాముల మేలిమి ధర లక్ష రూపాయలను తాకింది. దుకాణాల్లో జనం తక్కువ, చూసిపోయేవాళ్లు ఎక్కువ. మేమూ ఆ రెండో రకమే అనుకున్నాడేమో, దుకాణదారు మొదట పెద్దగా పట్టించుకోలేదు. బిడ్డ వేలి ఉంగరం తీసి గాజుబల్ల మీద పెట్టగానే కళ్లద్దాలు సవరించుకున్నాడు.

నేను ఉంగరాలు చేయించినదాన్ని కాదు గనుక ఆ పూట చాలా నేర్చుకున్నాను. నాకు తెలిసిందల్లా 22 క్యారెట్లు మంచిది, తక్కినవన్నీ మోసం అని. నేను 22 క్యారెట్ల బ్యాండే చూపించమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "తాయీ, ఈ ఉంగరం 18. దీని పక్కన 22 పెడితే ఈ గట్టిది ఆ మెత్తదాన్ని తింటుంది. రోజంతా రెండూ రాసుకుంటుంటాయి కదా. కొన్నేళ్లకు మీ బ్యాండు ఒక పక్క పలచబడుతుంది. జోడు పెట్టాలంటే రెండూ ఒకే క్యారెట్ ఉండాలి" అని మరాఠీలో చెప్పాడు. రంగు కూడా కలవాలట. 22 పసుపుపచ్చగా ఉంటుంది, 18 కొంచెం పాలిపోతుంది, రాగి ఎక్కువైతే ఎర్రబారుతుంది. ఇంకొక చిక్కు రాయి కూర్చున్న గూడుది. అది కిందికి దిగి ఉంటే సాదా బ్యాండు దానికి ఆనుకోదు, మధ్యన సందు వస్తుంది. ఆ సందు కనబడకుండా రాయి చుట్టూ వంపు తిరిగిన బ్యాండ్లు చేస్తారు. కొందరు రెండు ఉంగరాలనూ కలిపి టాకా వేయిస్తారట, అప్పుడు రాపిడే ఉండదు.

వంపుది చాలా అందంగా ఉంది. నేను అదే తీసుకోమన్నాను. బిడ్డ వేలికి పెట్టుకుని చూసింది, రాయి ఉంగరం తీసేసి మళ్లీ చూసింది. వంపు బ్యాండు ఒక్కటే ఉంటే వంకర పోయినట్టు ఉంది.

"ఇది దానితోనే బతుకుతది. ఒక్కతే ఉండలేదు" అన్నది. "నాకు వారంలో ఆరు రోజులు ఒక్కతే ఉండేది కావాలె. సందు ఉంటే ఉండనీ."

18 క్యారెట్లలో సాదా బ్యాండ్లు ఆ దుకాణంలో నాలుగే ఉన్నాయి. ఒకటి వెడల్పు, ఒకటి బిడ్డ వేలికి వదులు, తక్కిన రెంటి మీద గీతలు చెక్కి ఉన్నాయి. చేయించి ఇస్తానన్నాడు. మజూరీ, తరుగు, జీఎస్‌టీ అన్నీ కలిపి కాగితం మీద ఒక అంకె రాశాడు. ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని బయటికి వచ్చాను.

ఆటోలో కన్నా చౌక్ దాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. గట్టిది మెత్తదాన్ని తింటుందన్న మాట నా చెవిలోనే ఉంది. ఆ మాట నాకు కొత్త, కానీ ఆ సంగతి నేను కళ్లారా చూసిందే. ఎక్కడ చూశానో గుర్తుకొచ్చేసరికి ఇల్లు చేరాం.

అవ్వ పుస్తెల మీద చూశాను.

మా అవ్వ పెళ్లి 1964లో. అవ్వ పుట్టిల్లు సిరిసిల్ల దగ్గర ఊరు, అప్పటి కరీంనగర్ జిల్లా. తాత చేనేత పని చేసేవాడు. మా నాయిన వాళ్లు అంతకు ఒక తరం ముందే షోలాపూర్ వచ్చి సాఖర్ పేటలో ఉన్నారు. మన పద్ధతి మీకు తెలిసిందే, ఒక పుస్తె పుట్టింటిది, ఒకటి అత్తింటిది. అత్తింటి పుస్తె నాయినమ్మవాళ్ల ఇంట్లో తరం నుంచి ఉన్న పాత బంగారం. రెండు మాసాల ఎత్తు. పాత లెక్కలో తులానికి పన్నెండు మాసాలు. దానికి సరిజోడుగా రెండు మాసాల ఎత్తే మీరూ తేవాలని తాతకు కబురు పెట్టారు. తాత దగ్గర కరిగించడానికి పాత బంగారం లేదు. దుకాణంలో కొన్నాడు.

కొన్న ఏడాది చూడండి. 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. యుద్ధనిధికి ఆడవాళ్లు గాజులు, గొలుసులు ఒలిచి ఇచ్చిన కాలం. విదేశీ మారకం కరువై, 1963 జనవరిలో కేంద్ర ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి బంగారం మీద నియంత్రణ తెచ్చారు. కొత్తగా చేసే నగ 14 క్యారెట్లకు మించకూడదు. దేశం మొత్తంలో ఎందరో స్వర్ణకారుల చేతి పని పోయింది. 14 క్యారెట్లంటే నూటికి 58 పాళ్లు బంగారం, తక్కినది రాగి, వెండి. 1966లో ఆ కట్టడి తీసేశారు. 1968లో బంగారు నియంత్రణ చట్టం వేరే వచ్చింది, 1990లో అదీ పోయింది. మధ్యన ఆ మూడు నాలుగేళ్లలో పెళ్లిళ్లయిన పేదింటి పిల్లల మెడల్లో 14 క్యారెట్ల పుస్తెలు మిగిలిపోయాయి. డబ్బూ ధైర్యమూ ఉన్నవాళ్లు దొంగచాటుగా 22 చేయించుకున్నారు. తాతకు రెండూ లేవు.

పెళ్లిపీటల మీద పసుపు తాడుకు రెండు పుస్తెలూ పక్కపక్కన చేరాయి. ఒకటి పచ్చగా, ఒకటి ఎర్రగా. మా నాయినమ్మ అది మరచిపోలేదు. "మీ అయ్య రాగి పుస్తె పంపిండు" అనేది. కూరలో ఉప్పెక్కువైనా, నీళ్ల బిందె జారినా ఆ మాటే. నాయినమ్మ చెడ్డది కాదు, మా అందరినీ సాకింది. కానీ ఆ ఒక్క మాట ఆమెకు నోటికి అలవాటైంది. అవ్వ తిరిగి ఒక్క మాట అనేది కాదు. పైట జరుపుకుని పుస్తెలు లోపలికి వేసుకునేది.

1972 కరువు మీలో పెద్దవాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. నాకప్పుడు ఆరేళ్లు. మగ్గాలు వారంలో సగం రోజులు ఆగేవి. అవ్వ నన్ను వెంటబెట్టుకుని పుస్తెలు కుదువ పెట్టడానికి పోయింది. అక్కడి మనిషి గీటురాయి మీద రెండూ పక్కపక్కన గీసి, వాటిమీద ఏదో చుక్క వేశాడు. ఒక గీత నిలిచింది, ఒక గీత మసకబారింది. "ఇది బంగారం. ఇది బంగారం అనిపించుకునేది" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఎనిమిది నెలలు అవ్వ మెడలో పసుపుకొమ్ము ఉంది. విడిపించి తెచ్చిన రోజున రెండూ చింతపండుతో తోమింది. ఎర్రదాన్ని ఎక్కువసేపు తోమింది. తోమితే పచ్చబడుతుందా?

నాయిన 2003లో పోయాడు. పదో రోజున తీసిన పుస్తెలను అవ్వ ఒక పాత జాకెట్టు గుడ్డలో కట్టి రేకుపెట్టెలో పెట్టింది. 2006లో బీడీ కార్మికుల ఘర్‌కుల్‌లో ఇల్లు వచ్చినప్పుడు ఆ పెట్టె కూడా కుంభారికి వెళ్లింది. సామాను సర్దుతూ నేను ఆ మూట విప్పి చూశాను. నలభై ఏళ్లు ఒకే తాడు మీద రాసుకున్నాయి రెండూ. అత్తింటి పుస్తె అంచు కాగితంలా పలచబడింది. మధ్య బొడిపె అరిగి చదునైంది, కొంకి రెండుసార్లు టాకా వేసి ఉంది. తాత పుస్తె బొడిపె బొడిపెలాగే ఉంది. అప్పుడది నాకు వింతగా తోచింది గానీ, ఎందుకో తెలియలేదు. పందొమ్మిదేళ్ల తర్వాత సరాఫ్ బజారులో ఒక దుకాణదారు చెబితే తెలిసింది.

ఈ కథంతా ఆ రాత్రి బిడ్డకు చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందేమో. అది లేచి కూర్చుంది.

"అమ్మమ్మ పుస్తెలతోనే చేయిద్దాం బ్యాండు."

మీరు ఏమనుకుంటారో నాకు తెలుసు, నేనూ అదే అనుకున్నాను. భర్త పోయిన మనిషి మెడలోంచి తీసిన పుస్తెలు పెళ్లిపిల్ల వేలికా? నేను అంత పట్టింపులున్నదాన్ని కాదు. కానీ పెళ్లి అనేసరికి మనసు ఒక రకంగా వెనక్కి లాగుతుంది. రేపు వాళ్ల సంసారంలో ఏ చిన్న ఇబ్బంది వచ్చినా నాకు ఈ ఉంగరమే కళ్లముందు కదులుతుంది. ఆ మాట బిడ్డతో అన్నాను.

"అమ్మమ్మ ముప్పై తొమ్మిదేండ్లు కాపురం చేసింది గదా ఆ పుస్తెలతోని. అది లెక్కకు రాదా?" అన్నది.

మర్నాడు ఇద్దరం కుంభారి పోయాం. అవ్వకు డెబ్భై తొమ్మిదేళ్లు. కళ్లు మసక, చెవులు మాత్రం చురుకు. మనవరాలు అడిగింది విని ఒక్కసారిగా మండిపడింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? తెగిన పుస్తెలే అవి. పెండ్లింట్ల వాటి పేరు ఎత్తద్దు. నేనే ఆ దినం ముందటికి రావద్దని చూస్తున్న, నా బంగారం వస్తదా?"

పెళ్లినాడు ముందు వరసలో కూర్చోబోవడం లేదని అవ్వ ముందే తీర్మానించుకున్న సంగతి మాకు అప్పుడు తెలిసింది. బిడ్డ మొహం చిన్నబోయింది. నేను మాట మార్చాను. చాయ్ తాగి లేచాం. గడప దిగుతుంటే అవ్వ వెనక నుంచి, నన్ను కాదు, దాన్ని అడిగింది, "ఆ ఎర్రదాంతోని ఏం చేస్తరు? దానికేం ధర వస్తదని?"

బిడ్డ వెనక్కి వెళ్లి గడప మీదే కూర్చుని దుకాణదారు చెప్పిందంతా చెప్పింది. ఎర్రది గట్టిదని, పచ్చది దాని పక్కన ఉండే అరిగిందని, ఉంగరానికి గట్టి బంగారమే కావాలని. తాత మోసం చేయలేదని, ఆ ఏడాది చట్టం అదేనని నేను అందుకున్నాను. అవ్వ వింటూ చేటలో ఆకు సర్దుతూనే ఉంది. చుట్టడం మానేసి ఏళ్లయినా పక్కింటివాళ్ల ఆకు తెచ్చుకుని సర్దుతుంటుంది. ఏమీ అనలేదు.

ఈలోగా వియ్యపురాలితో చెప్పాలి. చెప్పకుండా చేస్తే తర్వాత తెలిసినప్పుడు తప్పవుతుంది. దత్తనగర్‌లో వాళ్లిల్లు. పోయి కూర్చుని, రెండుసార్లు నీళ్లు తాగి చెప్పాను. ఆమె చాలాసేపు గోడ మీది మార్కండేయుని పటం వైపు చూసింది.

"వదినా, పుస్తెలు మట్టెలు మేం కొత్తవి చేయించినం. అవి మా ఇంటివి, వాటిల ఏం కలుపద్దు. ఉంగరం మీ బిడ్డ వేలు, మీ ఇష్టం. పంతులు ముందర మాత్రం ఈ ముచ్చట తేకుండ్రి. మా అత్తమ్మ ముందర అసలే తేకుండ్రి" అన్నది. ఆ తర్వాత లోపలికి పోయి చేయించిన కొత్త పుస్తెలు తెచ్చి చూపించింది. మరాఠీ వాటీల ఆకారం, నల్లపూసలు. నావీ అట్లాంటివే. కరీంనగర్ వైపు పెళ్లికి పోతే మెడ చూసి మరాఠీ పిల్లవా అని అడిగేవాళ్లు నన్ను. ఒక్కొక్కటి రెండు గ్రాముల లోపే ఉంటుంది. 2021 జూన్ నుంచి హాల్‌మార్కు తప్పనిసరి అయినా రెండు గ్రాముల లోపు నగలకు అది వర్తించదు. పుస్తెలు చాలావరకు ఆ లోపలే పడతాయి గనుక బిల్లు మీద క్యారెట్ రాయించుకోమని ఆమెతో అన్నాను. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు చెప్పకుండా ఉండబుద్ధి కాదు.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే అవ్వ మా ఇంటి ముందు ఆటో దిగింది. ఒక్కతే. చేతిలో జాకెట్టు గుడ్డ మూట.

"నా కండ్ల ముందర తూకం ఎయ్యాలె. నా కండ్ల ముందర కరిగియ్యాలె" అన్నది. ఇస్తున్నానని గానీ, మంచిదని గానీ అనలేదు.

ముందు హాల్‌మార్కు కేంద్రానికి పోయి యంత్రం కింద పెట్టించాం. ఎర్రదానికి 58 శాతం చూపింది, పచ్చదానికి 91. అవ్వ ఆ కాగితం చేత పట్టుకుని, చదవడం రాకపోయినా, రెండు వైపులా తిప్పి చూసింది. అక్కడి నుంచి మాకు తెలిసిన ఔసులాయన దగ్గరికి. తెలుగువాడే, తండ్రి కాలం నుంచి షోలాపూర్‌లోనే. టాకా కలవకూడదని రెండింటి కొంకులూ కత్తిరించి పక్కన పెట్టాడు. తూచాడు. తాత పుస్తె ఒక గ్రాము 700 మిల్లీలు. అత్తింటిది ఒక గ్రాము 250.

"అవ్వా, ఇది పద్నాలుగు, అది ఇరవై రెండు. సమానంగ కలిపితే పద్దెనిమిది. మీ మనవరాలి ఉంగరం ఎంత?"

"పద్దెనిమిదే" అన్నది బిడ్డ.

"మరింకేం. మీ పచ్చది 450 మిల్లీలు తక్కువున్నది. అంత ఇరవై రెండు తెచ్చుకుంటే చాలు."

నా దగ్గర విరిగిన కమ్మ ఒకటి ఉంది. 22ది. అందులోంచి ముక్క కత్తిరించి ఆ వైపు వేశాడు. త్రాసు ముల్లు మధ్యన నిలబడింది. ముల్లు అంటున్నాను గానీ ఇప్పుడు అంకెల త్రాసులే. రెండు అంకెలూ ఒకటైనాయి.

"ఇంకోసారి చెప్పు. మా అయ్యది ఎంత తూగింది?" అని అడిగింది అవ్వ.

"ఒకటి ఏడువందలు."

"వాండ్లది?"

"ఒకటి రెండువందల యాభై."

అవ్వ తల ఊపింది. అరిగిపోయిన దాన్ని గురించి ఆ మాట అడగడం న్యాయం కాదని నాకు తెలుసు. పెళ్లినాటికి రెండూ ఒకే ఎత్తు. అరిగినదీ అవ్వ మెడమీదే అరిగింది, ఆమె చెమటకే. నాయినమ్మ పోయి కూడా చాలా ఏళ్లైంది. అయినా నేనేమీ అనలేదు.

మూసలో రెండూ వేసి వెలిగారం చల్లి మంట పెట్టాడు. ముందు ఎర్రది కుంగింది, తర్వాత పచ్చది. కాసేపు రెండు చుక్కలు విడివిడిగా ఉన్నాయి. ఆయన మూసను కొంచెం వంచి ఆడించగానే ఒక్కటైపోయాయి. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. మంట వేడికి కళ్లు మండుతున్నాయని కాస్త దూరం జరిగింది.

ఉంగరం రెండు రోజులకు తయారైంది. ఆకురాయి పట్టిన రజను పొట్లంలో కట్టి ఇచ్చాడు. నికరంగా మూడు గ్రాముల 250 మిల్లీలు వచ్చింది. వజ్రపుటుంగరం పక్కన పెట్టి చూస్తే రంగు పూర్తిగా కలవలేదు. మాది ఒక ఛాయ ఎరుపు. రాయి గూడు కింద సన్నని సందు ఉంది, బియ్యపు గింజ పట్టదు గానీ నువ్వుగింజ పడుతుంది. మళ్లీ రంగు వేయించమంటావా అని అడిగితే బిడ్డ వద్దన్నది.

పెళ్లికి ముందు దాన్ని అవ్వ చేతికిచ్చాం. తన వేలికి పెట్టుకోబోయింది. కణుపు దగ్గర ఆగిపోయింది. బీడీలు చుట్టిన వేళ్ల కణుపులు ఉబ్బి ఉంటాయి కదా, ఎంత తిప్పినా దిగలేదు. నవ్వి తీసేసి, చీర కొంగుతో తుడిచి మనవరాలి చేతిలో పెట్టింది.

పెళ్లినాడు అవ్వ ముందు వరసలో కూర్చోలేదు. ఎంత చెప్పినా వినలేదు. హాలు వెనక, కూలర్ పక్కన కుర్చీ వేయించుకుంది. తలంబ్రాలు అయ్యాక దండం పెట్టడానికి పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఆ కుర్చీ దగ్గరికే వెళ్లారు. వియ్యపురాలి అత్తమ్మ పక్కనే ఉంది. పిల్ల వేలు చూసి, "బాగుంది, ఎక్కడ కొన్నరు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా అవ్వ చెప్పింది, "సిరిసిల్ల బంగారం."